గుండె దడ, మనసు భారం

 

ఈ దినాన గుండెను గూర్చి మాట్లాడుకుందాం. పరిశుద్ధ గ్రంథంలో హృదయము అని వ్రాయబడిన దానిని గూర్చి తరచుగా ప్రసంగిస్తూనే ఉన్నాము. ఈ రోజు మాత్రం రొమ్ము మీద చెయ్యి పెడితే తగిలే గుండెను గూర్చి, డాక్టరుగారు గొట్టం పెట్టి వినే గుండెను గూర్చి. ఎందుకంటే మాకు వచ్చే ఉత్తరాలలో, ఫోన్లలో ఒకే మాట మళ్ళీ మళ్ళీ వినబడుతోంది. "అయ్యగారూ, గుండె దడ. ఊపిరి ఆడటం లేదు. ప్రాణం పోతుందేమో అనిపిస్తుంది. డాక్టర్లేమో ఏమీ లేదంటున్నారు. ప్రార్థన చేయండి." ప్రార్థిస్తున్నాము. అయితే ప్రార్థించే మోకాళ్ళతో పాటు తెలుసుకునే చెవి కూడా ఉండాలి గనుక ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పాలని ఆశిస్తున్నాను.

ప్రియులారా, ముందు మన తెలుగు మాటలే వినండి. చెడ్డ కబురు వింటే గుండె గుభేలుమంది అంటాము. చీకటి పడినా బిడ్డ ఇంటికి రాకపోతే గుండెల్లో రాయి పడింది అంటాము. అప్పు ఇచ్చినవాడు వీధి చివర కనబడితే గుండె జారిపోయింది అంటాము. గండం గడిచాక గుండె కుదుటపడింది అంటాము. ఏ వైద్య కళాశాలా చూడని మన అమ్మమ్మలు మనసులోని భయానికీ రొమ్ములోని గుండెకూ దారి ఉందని ఎరుగుదురు.

వాక్యము కూడా ఈ సంగతి ఎరుగును. 1 సమూయేలు 25వ అధ్యాయంలో నాబాలు ఉన్నాడు. గొర్రెల బొచ్చు కత్తిరించే దినాన విందు చేసి బాగా త్రాగాడు. తెల్లవారి మత్తు దిగాక భార్య అబీగయీలు జరిగినదంతా చెప్పింది. దావీదు నాలుగు వందల మందికి కత్తులు కట్టించి వీరి ఇంటి మీదికి బయలుదేరాడు. ఆమె ఎదురు వెళ్ళి బతిమాలకపోతే ఇంట ఒక్క మగవాడూ మిగిలేవాడు కాడు. ఆ మాట వినగానే నాబాలు గుండె చచ్చినట్టయి మనిషి రాయిలా బిగిసిపోయాడు. పది దినాల తరువాత దేవుని తీర్పు వచ్చింది, అది వేరే సంగతి. నేను చూపించదలచినది ఆ ఉదయం. కత్తి అతనికి తగలలేదు. ఆపద అప్పటికే తప్పిపోయింది. కబురు ఒక్కటే తగిలింది.

యెషయా 7వ అధ్యాయం రెండవ వచనంలో ఆహాజు రాజు సంగతి చూడండి. శత్రురాజులు ఇద్దరు ఏకమయ్యారన్న వార్తకే రాజు గుండె, ప్రజల గుండె గాలికి అడవి చెట్లు ఊగినట్టు ఊగాయట. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవారికి ఈ వాక్యానికి వ్యాఖ్యానం అక్కరలేదు. ఆ తుపానులో వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయాయి. కొబ్బరితోటలకు తోటలే నేలకూలాయి. ఆ తరువాత ఎన్నో ఏళ్ళ వరకు ఈదురుగాలి మొదలైతే చాలు, రొమ్ము పట్టుకొని గోడకు ఆనుకొని కూర్చుండిపోయేవారు మన సంఘాలలో ఉన్నారు. వీచేది అదే గాలి కాదు. గుండెకు మాత్రం అదే గాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పి ముందుకు వెళ్ళాలి. ఈ వర్తమానం విని ఎవరూ "నాది ఉత్త టెన్షన్, డాక్టరెందుకు" అని ఇంట్లో పడుకోకూడదు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో, లక్షా ఎనభై వేల మంది జనాభాలో, ఒక సంవత్సరంలో సంభవించిన మరణాలన్నిటినీ ఇల్లిల్లూ తిరిగి విచారించారు. చనిపోయినవారిలో నూటికి 32 మందిని తీసుకుపోయినవి గుండెజబ్బులు, పక్షవాతం వంటి రక్తప్రసరణ వ్యాధులే. అంటురోగాల కంటే ఇవే ఎక్కువ. పట్నంవాళ్ళ జబ్బు, డబ్బున్నవాళ్ళ జబ్బు అనుకునే రోజులు మన పల్లెలలో ఎప్పుడో గడిచిపోయాయి. గ్యాసు అనుకొని సోడా త్రాగి పడుకొని తెల్లవారి లేవనివారు మీ ఊరిలోనూ ఉండే ఉంటారు.

నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు, బస్తా ఎత్తినప్పుడు వచ్చి, కూర్చుంటే తగ్గే నొప్పి గుండె రక్తనాళాల నొప్పి కావచ్చు. రొమ్ము మధ్యలో ఎవరో ఎక్కి కూర్చున్నంత బరువు, ఎడమ చేతికి గాని రెండు చేతులకు గాని దవడకు గాని వీపుకు గాని ప్రాకే నొప్పి, దానితో చల్లని చెమట, వాంతి, కళ్ళు తిరిగి పడిపోవడం, వీటిలో ఏది వచ్చినా ప్రార్థన ఆటోలోనో అంబులెన్సులోనో చేసుకోండి. 108కి ఫోను చేయండి. షుగరు వ్యాధి ఉన్నవారికీ, స్త్రీలకూ, వృద్ధులకూ కొన్నిసార్లు నొప్పి లేకుండానే ఆయాసంగా, నీరసంగా గుండెపోటు వస్తుంది. బి.పి., షుగరు, చుట్ట, సిగరెట్టు ఉన్నవారు, చిన్న వయసులోనే గుండెపోటు వచ్చిన తండ్రిగాని అన్నగాని ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఇది మనసు వలననా శరీరం వలననా అని తేల్చవలసినవారు మీరు కాదు, మీ పొరుగింటివారు కాదు, ఈ రేడియో ప్రసంగం అసలే కాదు. పరీక్ష చేసిన వైద్యుడు తేల్చాలి.

ఆ పరీక్ష అయిన తరువాతి సంగతే ఈ రోజు మన అంశం.

ఒక సహోదరుడు వ్రాసిన ఉత్తరం ఆయన అనుమతితో, ఊరూ పేరూ చెప్పకుండా మీకు వినిపిస్తాను. భీమవరం వైపు రొయ్యల చెరువు కౌలుకు తీసుకున్నాడు. వయసు నలభై లోపే. రొయ్యల సాగు తెలిసినవారికి చెప్పనక్కరలేదు. రాత్రి వేళ కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే నీటిలో ప్రాణవాయువు పడిపోతుంది, తెల్లవారేసరికి చెరువంతా తేలిపోతుంది, ఏడాది కష్టం, తెచ్చిన అప్పు, భార్య నగలు అన్నీ ఆ నీళ్ళలోనే. అలా ఒక రాత్రి రెండు గంటలకు కరెంటు పోయింది, జనరేటరు వెంటనే అందుకోలేదు. చివరకు అందుకుంది. పంట దక్కింది. కాని ఆ రాత్రి గట్టు మీద ఆయనకు గుండె గొంతులోకి వచ్చినట్టు కొట్టుకొంది, వేళ్ళు తిమ్మిరెక్కాయి, మూతి చుట్టూ చీమలు ప్రాకినట్టయింది, ఇదే చావు అనుకున్నాడు. ఆ తరువాత కరెంటు ఉన్న రాత్రులలో కూడా అదే రాసాగింది. మూడు ఆసుపత్రులు తిరిగాడు. నాలుగు ఇ.సి.జి.లు, రెండు ఎకోలు, ఒక టి.ఎమ్.టి. అన్నిచోట్లా ఒకే మాట, "ఏమీ లేదు." ఉత్తరం చివర ఆయన అడిగిన ప్రశ్న ఇది: "అయ్యగారూ, ఏమీ లేకపోతే నేను అబద్ధమాడుతున్నానా? నా భార్య కూడా అలాగే చూస్తోంది."

లేదు, సహోదరుడా. నీవు అబద్ధమాడటం లేదు. నీ గుండెకు జబ్బు లేదన్న మాట నిజం. నీకు బాధ ఉందన్న మాట కూడా నిజం. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమౌతాయో అందరూ తెలుసుకోవాలి.

ధవళేశ్వరం సంగతి మీకందరికీ తెలుసు. కాటన్ బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు, మొన్న 2022 జూలైలో 25 లక్షలు దాటినప్పుడు ఆ మూడవ హెచ్చరిక అంటే ఏమిటో లంకలవారు చూశారు. హెచ్చరిక వస్తే పడవలు కదులుతాయి, జనాన్ని తరలిస్తారు, పశువులను గట్టెక్కిస్తారు. ఊరంతా ఒక్క పని మీద ఉంటుంది.

దేవుడు మన శరీరంలో కూడా ఇలాంటి ఏర్పాటు ఉంచాడు. మెదడు లోపల బాదంగింజ అంత భాగం ఒకటి ఎల్లప్పుడు కాపలా కాస్తూ ఉంటుంది. వరి కోస్తుండగా కాళ్ళ దగ్గర త్రాచు కదిలిందనుకోండి. మీరు ఆలోచించకముందే అది హెచ్చరిక జారీ చేస్తుంది. మూత్రపిండాల పైన టోపీలా ఉండే చిన్న గ్రంథులు అడ్రినలిన్ అనే రసాన్ని రక్తంలోకి వదులుతాయి. పరుగెత్తే కాళ్ళకు రక్తం కావాలి గనుక గుండె వేగంగా కొట్టుకొంటుంది. గాలి ఎక్కువ కావాలి గనుక ఊపిరి వేగమౌతుంది. చర్మానికి వెళ్ళే రక్తం తగ్గుతుంది గనుక చేతులు చల్లబడతాయి. అన్నం అరిగించడం ఇప్పుడు ముఖ్యం కాదు గనుక కడుపులో తిప్పుతుంది. రొమ్ము కండరాలు బిగుస్తాయి. మీరు ఒక్క గెంతులో గట్టు మీద ఉంటారు. పాము పోతుంది, పది నిమిషాలలో గుండె నెమ్మదిస్తుంది. ఇందులో జబ్బు ఎక్కడ ఉంది? ఇది ప్రాణాన్ని కాపాడిన కాపలా.

చిక్కు ఎక్కడంటే, పాముకు గెంతుతాము, అప్పుకు ఎటు గెంతుతాము? కౌలు కట్టవలసిన గడువు, ఫైనాన్సువారి వాయిదా, కువైట్ నుండి రెండు నెలలుగా రాని భార్య ఫోను, ఇంటర్ తప్పిన కొడుకు, కట్నం బాకీ ఉన్న కూతురి అత్తవారి ముఖం. 2011లో గిట్టుబాటు కాక కోనసీమ రైతులు ఖరీఫ్ పంటకే విరామం ప్రకటించిన దినాలలో ఎన్ని ఇళ్ళలో నిద్ర లేదో ఆ ఇళ్ళవారికే తెలుసు. ఈ భారాలకు కూడా లోపలి కాపలా అదే హెచ్చరిక జారీ చేస్తుంది, దానికి వేరే గంట తెలియదు. శరీరమంతా పరుగుకు సిద్ధమౌతుంది. మనిషి మాత్రం అరుగు మీద కూర్చొని ఉంటాడు. పరుగెత్తని పరుగు రొమ్ములో కొట్టుకొంటుంది.

ఒక్కొక్క లక్షణాన్నీ ఇలాగే అర్థం చేసుకోవచ్చు. వేళ్ళు తిమ్మిరెక్కడం, మూతి చుట్టూ చిమచిమలాడటం, కళ్ళు తిరగడం ఎక్కువగా వేగపు ఊపిరి వలన వచ్చేవే. పరుగెత్తకుండానే గబగబా ఊపిరి పీల్చి వదిలితే రక్తంలో ఉండవలసిన బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది, నరాలు చిమచిమలాడతాయి. విచిత్రమేమంటే, గాలి ఎక్కువైనందున వచ్చే ఈ బాధ గాలి చాలనట్టుగా తోస్తుంది. అందుకే మనిషి ఇంకా గబగబా పీలుస్తాడు. బిగిసిన కండరాల నొప్పి తరచుగా ఒక్క వేలితో చూపగలిగేంత చోట సూదిపోటులా ఉంటుంది. ఇక "గుండె ఒక్క క్షణం ఆగి దభీమని కొట్టింది" అంటారే, చాలాసార్లు అది ఆగడం కాదు. ఒక దెబ్బ కాస్త ముందుగా పడి, తరువాత చిన్న విరామం వచ్చి, ఆ పై దెబ్బ బలంగా పడటం. ఆరోగ్యవంతులకు కూడా ఇది పడుతూ ఉంటుంది, చాలామందికి తెలియనే తెలియదు. చెవి అటే పెట్టుకొని పడుకొన్నవానికి తెలుస్తుంది.

గోదావరికీ మన శరీరానికీ ఒక తేడా ఉంది, అదే అసలు కీలకం. ధవళేశ్వరంలో హెచ్చరిక జారీ చేసినందువలన గోదావరి పెరగదు. గుండె పెరుగుతుంది. దడ వచ్చింది, "అయ్యో గుండెపోటు" అనుకొన్నాడు, ఆ తలంపే మరొక భయం, ఆ భయానికి మరికొంత అడ్రినలిన్, దానికి మరింత దడ. మొదటి హెచ్చరిక రెండవదాన్ని, రెండవది మూడవదాన్ని తెస్తుంది. నీరు లేదు, హెచ్చరికలే వరద. సాధారణంగా పది నిమిషాలలో ఇది శిఖరానికి చేరుతుంది, తరువాత ఇరవై ముప్పై నిమిషాలలో దిగిపోతుంది. ఎంతసేపైనా పెరుగుతూనే పోయేంత శక్తి దానికి లేదు. వైద్యులు దీనిని పానిక్ అటాక్ అంటారు. దిగిపోయాక ఇంకొక బాధ మిగులుతుంది: మళ్ళీ ఎప్పుడు వస్తుందోనన్న భయం. అప్పుడు బస్సు ఎక్కడు, సంతకు పోడు, ఆరాధనలో వెనుక తలుపు దగ్గరే కూర్చుంటాడు. పొలం పని మానేస్తాడు. పని మానిన శరీరం బలహీనమై నాలుగు అడుగులకే గుండె వేగం అందుకుంటుంది. "చూశావా, నా గుండె పాడైపోయింది" అనుకుంటాడు.

ఇది మన కాలంలో పుట్టిన బలహీనత అని కొందరు పెద్దలు విసుక్కుంటారు. కాదు. అమెరికా అంతర్యుద్ధంలో గుండెదడతో, రొమ్ము నొప్పితో, ఆయాసంతో ఆసుపత్రికి చేరిన సిపాయిలను మూడు వందల మందిదాకా పరీక్షించి డకోస్టా అనే వైద్యుడు 1871లో ఒక వ్యాసం ప్రచురించాడు. గుండెలో జబ్బు కనబడలేదు, బాధ మాత్రం కళ్ళెదుట ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇదే బాధ వేలాదిమంది సైనికులకు వచ్చింది, దీనిని "సోల్జర్స్ హార్ట్" అని పిలిచారు. ఇంగ్లండులో థామస్ లూయిస్ అనే గుండె వైద్యుడు వీరిని మంచం మీద ఉంచకుండా కొద్దికొద్దిగా పెంచుతూ వ్యాయామం చేయించాడు, అనేకులు తేరుకొన్నారు. ఫిరంగుల ఎదుట నిలబడినవారిని పిరికివారు అనగలమా?

వైద్యులు కూడా దీనిని గుర్తించక పోవడం ఉంది. కెనడాలోని మాంట్రియల్ హార్ట్ ఇన్‌స్టిట్యూట్‌కు రొమ్ము నొప్పితో అత్యవసరంగా వచ్చినవారిని పరీక్షించి 1996లో ఫలితాలు ప్రకటించారు. నలుగురిలో ఒకరికి ఈ పానిక్ వ్యాధి ఉంది. వారిలో దాదాపు అందరినీ, నూటికి 98 మందిని, చూసిన గుండె వైద్యులు అది గుర్తించలేదు. పేరున్న ఆసుపత్రిలోనే అలా జరిగితే, రోజుకు వందమందిని చూసే మన డాక్టరుగారు రెండు నిమిషాలలో "ఏమీ లేదు" అని పంపించడంలో ఆశ్చర్యం లేదు. కాని నా మనవి ఏమంటే, "ఏమీ లేదు" అనే మాట సగం మాట. "నీ గుండె బాగుంది, నీ బాధ ఇందువలన వస్తోంది, దీనికి వైద్యం ఉంది" అనేది పూర్తి మాట. ఆ మిగిలిన సగం చెప్పనందువలన మన ప్రజలు ఎన్ని వేల రూపాయలు ఎన్ని ఆసుపత్రులలో ధారపోస్తున్నారో, నీరసమని వారానికొక సెలైను ఎంతమంది ఎక్కించుకొంటున్నారో లెక్కలేదు.

మరి దుఃఖం గుండెను నిజంగా దెబ్బతీయదా అని అడుగుతారు. అరుదుగా తీస్తుంది. 1990లో జపాను వైద్యులు ఒక స్థితిని వర్ణించారు. గొప్ప దుఃఖం, గొప్ప భయం తగిలినప్పుడు గుండె ఎడమ గది ఒక్కసారిగా ఉబ్బి, అక్కడి జాలరులు ఆక్టోపస్‌లను పట్టే కుండ ఆకారానికి వస్తుంది. ఆ కుండ పేరే దానికి పెట్టారు, టకోట్సుబో అని. ఎక్కువగా నడివయసు దాటిన స్త్రీలలో వస్తుంది. 2004లో జపానులోని నీగటలో భూకంపం వచ్చిన తరువాత ఇలాంటి కేసులు పెరిగాయి. చాలామంది కొన్ని వారాలలో కోలుకుంటారు గాని, వచ్చినప్పుడు అచ్చం గుండెపోటులాగే ఉంటుంది. భర్త పోయిన ఇంట్లో విధవరాలు రొమ్ము నొప్పి అంటే "దుఃఖంలే" అని తోసివేయకూడదు అనడానికి ఇదొక కారణం.

ఇప్పుడు సంఘాన్ని గూర్చి. ఇది చెప్పక తప్పదు. గుండె దడ అని వచ్చిన సహోదరిని "నీకు విశ్వాసం చాలదు" అని గద్దించిన బోధకులు ఉన్నారు. దయ్యం పట్టిందని మూడు దినాలు ఉపవాసముంచి, నీరసంతో ఆమె మరింత దడతో పడిపోతే, "చూశారా, దయ్యం పెనుగులాడుతోంది" అన్నవారు ఉన్నారు. "స్వస్థత పొందావు, మాత్రలు పారవేయి" అని బి.పి. మాత్రలు కాలువలో వేయించినవారు కూడా ఉన్నారు. ఫిలిప్పీయులకు 4:6 చూపించి, చింతపడటమే పాపమంటూ చింతతో ఉన్నవాని మీద ఇంకొక చింత మోపుతారు. ఆ మాట వ్రాసిన పౌలు అదే పత్రిక రెండవ అధ్యాయంలో, ఎపఫ్రొదితును మీ యొద్దకు పంపితే నా దుఃఖం కొంత తగ్గుతుందని వ్రాశాడు. 2 కొరింథీయులకు 7:5లో తనకు బయట పోరాటాలు, లోపల భయాలు ఉండెనని దాచకుండా ఒప్పుకొన్నాడు. పౌలుకు విశ్వాసం చాలలేదని ఎవరైనా అంటారా? ఆయన చింతపడవద్దన్నది కర్రగా పట్టుకొని కొట్టడానికి కాదు, భారం దించుకొనే చోటు చూపించడానికి.

ఏలీయాను చూడండి, 1 రాజులు 19వ అధ్యాయం. నిన్న కర్మెలు మీద అగ్ని దింపినవాడు ఈ రోజు ఒక స్త్రీ పంపిన కబురుకు ప్రాణభయంతో పరుగెత్తి, బదరీ చెట్టు క్రింద చావు కోరుకొన్నాడు. దేవుడు అతనికి వెంటనే ప్రసంగం చేయలేదు, గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి వేడి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. మళ్ళీ నిద్రపోనిచ్చాడు. మళ్ళీ రొట్టె. మాటలు ఆ తరువాత వచ్చాయి, అవి కూడా మెల్లని స్వరంతో. మన విశ్వాసులకు పరామర్శ చేయబోయే కాపరులు ఈ వరుస గమనిస్తే బాగుంటుంది.

ఆదికాండము 45లో ముసలి యాకోబు సంగతి కూడా ఇక్కడ పనికివస్తుంది. యోసేపు బ్రదికి ఉన్నాడని కుమారులు చెప్పినప్పుడు అతని గుండె మొద్దుబారిపోయింది, నమ్మలేకపోయాడు. మంచి కబురే, అయినా గుండె తట్టుకోలేదు. అతని ప్రాణం తెప్పరిల్లినది ఎప్పుడు? యోసేపు పంపిన బండ్లు కళ్ళతో చూసినప్పుడు. యాకోబుకు మాట చాలలేదు, బండ్లు కనబడవలసి వచ్చింది. కాబట్టి దడతో ఉన్నవాడు ఒకసారి ఇ.సి.జి. తీయించుకోవడం, డాక్టరు అవసరమంటే ఎకో, టి.ఎమ్.టి. చేయించుకోవడం అవిశ్వాసం కాదు. రక్తహీనత వలన, థైరాయిడ్ వలన కూడా దడ వస్తుంది గనుక ఆ రక్తపరీక్షలు తప్పనిసరి, ముఖ్యంగా మన స్త్రీలకు. అయితే బండ్లు చూసిన తరువాత యాకోబు ప్రయాణమైనాడు. ఇంకొక బండి, ఇంకొక బండి చూపించమనలేదు. రిపోర్టు బాగుందని వచ్చాక, కొత్త లక్షణమేదీ లేకుండా ప్రతి నెలా మరొక ఊరిలో మరొక ఇ.సి.జి. తీయించుకొంటే ధైర్యం ఒక్క రాత్రి నిలుస్తుంది, అనుమానం మాత్రం పెరుగుతుంది.

తరువాత చేయవలసినవి ఇంట్లో చేసుకోగలిగినవే ఎక్కువ. దడ వచ్చినప్పుడు "ఇది నా లోపలి హెచ్చరిక, నీరు లేదు, అరగంటలో దిగిపోతుంది" అని తనతో తాను చెప్పుకొని, ఉన్నచోటే ఉండాలి. ఊపిరి మెల్లగా ముక్కుతో నాలుగు లెక్కించేంత సేపు పీల్చి, ఆరు లెక్కించేంత సేపు వదలాలి. వదిలే ఊపిరి పొడుగ్గా ఉంటే గుండె వేగాన్ని తగ్గించే నరం పనిలోకి వస్తుంది. ఇటలీలోని పావియాలో వైద్యులు 23 మంది చేత జపమాల ప్రార్థన లాటిను భాషలో చేయించి కొలిచి 2001లో ప్రచురించారు. ఊపిరి నిమిషానికి దాదాపు ఆరుకు దిగి, గుండె, రక్తపోటు లయలో పడ్డాయి. యోగ మంత్రం చదివించినా అదే జరిగిందని వారే వ్రాశారు. అది శరీరధర్మం గనుక మనం దాచనక్కరలేదు. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో నిదానంగా సాగే కీర్తన ఒకటి, చరణమంతా ఒకే ఊపిరిలో వచ్చేలా మెల్లగా పాడి చూడండి. మైకు, డ్రమ్ములు వద్దు.

టీలు తగ్గించాలి, రోజుకు ఎనిమిది టీలు త్రాగి దడ అంటే టీ కూడా సాక్షి అవుతుంది. చుట్ట, సిగరెట్టు, గుట్కా గుండె వేగాన్ని పెంచుతాయి, అసలు గుండెజబ్బుకు కూడా దారి తీస్తాయి, మానాలి. భయం తగ్గుతుందని సాయంకాలం మందు పుచ్చుకొనేవారికి తెల్లవారుజామున భయం రెండింతలై వస్తుంది. డాక్టరు సరేనంటే రోజూ అరగంట కాలువ గట్టున నడవాలి, లూయిస్ గారి సిపాయిల లాగా కొద్దికొద్దిగా పెంచుకొంటూ.

ఇవి చాలనప్పుడు మానసిక వైద్యుని దగ్గరకు వెళ్ళడానికి సిగ్గుపడవద్దు. మనసు విప్పి మాట్లాడించి, భయపు తలంపులను ఒక్కొక్కటిగా పరీక్షించుకోవడం నేర్పే చికిత్స ఈ బాధకు బాగా పనిచేస్తుంది. ఆయన వ్రాసే మాత్రలలో కొన్ని పనిచేయడానికి రెండు నుండి ఆరు వారాలు పడుతుంది, వారంలో గుణం లేదని మానేయకూడదు, అవి అలవాటు పడే మత్తుమందులు కావు. అలవాటు పడేవి వేరే ఉన్నాయి. నిద్రకని, నరాలకని అల్ప్రాజోలమ్ వంటి మాత్రలు తమంతట తామే కొనుక్కొని ఏళ్ళ తరబడి మ్రింగేవారు మనలో ఉన్నారు. అవి డాక్టరు చెప్పినన్ని దినాలే వాడాలి, ఆపడం కూడా ఒక్కసారిగా కాక ఆయన చెప్పిన ప్రకారమే ఆపాలి. దడ తగ్గించే మాత్రలు కొన్ని ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదం. పొరుగువారి మాత్ర మీరు వేసుకోవద్దు.

పల్లెలో మానసిక వైద్యుడు ఎక్కడున్నాడు అంటారు. నిజమే. పశ్చిమ గోదావరి జిల్లాలోని 30 గిరిజన గ్రామాలలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్‌వారు ఒక ప్రయత్నం చేశారు. ఆశా కార్యకర్తలకు ట్యాబ్లెట్లు ఇచ్చి, ఇంటింటికీ వెళ్ళి దిగులు, ఆందోళన ఉన్నవారిని కొన్ని ప్రశ్నలతో గుర్తించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు పంపేలా శిక్షణ ఇచ్చారు. మానసిక రోగం సిగ్గుపడే విషయం కాదని ఊళ్ళలో ప్రచారం కూడా చేశారు. 2017లో ప్రచురించిన ఫలితం ఇది: బాధ ఉన్నవారిలో అంతకుముందు వైద్యసహాయం పొందినవారు 0.8 శాతం, తరువాత 12.6 శాతం. ఇంకా నూటికి ఎనభై ఏడు మంది బయటే ఉన్నారు గదా అనవచ్చు. నూటికి ఒక్కరు కూడా లేనిచోట పన్నెండుమంది వచ్చారంటే, వారిని తెచ్చినది తలుపు తట్టి "అమ్మా, నిద్ర పడుతోందా?" అని అడిగిన ఒక ఆశా కార్యకర్త. ఆ ప్రశ్న అడగడానికి మన స్త్రీల సమాజంవారికి ట్యాబ్లెట్ కూడా అక్కరలేదు.

చివరిగా, కూటంలోనో ఆరాధనలోనో ఎవరికైనా ఇది వస్తే ఏమి చేయాలి అని ఒక సంఘపెద్ద అడిగారు. చుట్టూ గుమికూడవద్దు, గాలి రానివ్వండి. పదిమంది చేతులు తలమీద పెట్టి గట్టిగా అరిచి ప్రార్థించవద్దు, అప్పటికే లోపల గంటలు మోగుతున్నాయి. నెమ్మదిగల ఒక్కరు ప్రక్కన కూర్చొని, చెయ్యి పట్టుకొని, తాను మెల్లగా ఊపిరి తీస్తూ తనతో పాటు తీయమనాలి. ప్రార్థన చిన్న గొంతుతో చేయాలి. ముఖానికి ప్లాస్టిక్ సంచి, కాగితం సంచి వంటివి పెట్టవద్దు. మొదటిసారి వచ్చినదైతే, మనిషి వయసు మీరినదైతే, నేను ముందు చెప్పిన గుర్తులలో ఏది ఉన్నా, ఇదేమిటో అని వాదించుకోకుండా 108కి ఫోను చేయండి. గుండెది కాదని ముందే తేలినవారైతే అరగంట తోడుండి, మంచినీళ్ళిచ్చి, ఇంటిదాకా దిగబెట్టండి. మరునాడు మళ్ళీ వెళ్ళి పలకరించండి, అసలు భారం ఏమిటో సాధారణంగా ఆ రెండవ రోజున చెబుతారు.

మాట్లాడటానికి మనిషి దొరకని రాత్రి 14416 అనే నంబరు ఉంది. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించింది. డబ్బు కట్టనక్కరలేదు, పేరు చెప్పనక్కరలేదు, రాత్రి రెండు గంటలకైనా తెలుగులో మాట్లాడతారు. రొయ్యల చెరువు గట్టు మీద నుండైనా చేయవచ్చు. నంబరు మరొకసారి చెబుతున్నాను, వ్రాసుకోండి: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.